దారంతో కొలిచిన దూరం

రెండు కార్యాలయాలను కలిపి ఒకటి చెయ్యడం తప్పని నేను ఈనాటికీ అనను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చివరిదాకా విన్నవాళ్లలో సగంమంది "చూశారా, పాత పద్ధతే నయం" అని తీర్పు చెప్పి లేచిపోతారు. పాత పద్ధతి నయం కాదు. దాన్ని లోపలినుంచి చూసినవాణ్ణి.

విశాఖపట్నంలో అప్పట్లో సర్కారు బళ్లకు ఇద్దరు యజమానులు. పట్నం లోపలి బళ్లకు ఒక విద్యా కార్యాలయం, పట్నాన్ని ఆనుకున్న పల్లెల బళ్లకు పంచాయతీ సమితి విద్యా కార్యాలయం. ఒకే రోడ్డుకి ఇవతలి బడి ఒకరిది, అవతలి బడి ఇంకొకరిది. ఇవతలి బడి బీరువాలో సుద్దముక్కలు మగ్గుతుంటే, అవతలి బడిలో నల్లబల్ల నెలల తరబడి నల్లగానే ఉండేది. ఒక పెట్టె సుద్దముక్కలు రోడ్డు దాటాలంటే ముందు రెండు ఆఫీసుల మధ్య ఉత్తరాలు నడవాలి. అవి నడిచి వచ్చేసరికి పిల్లలు పై తరగతికి వెళ్లిపోయేవారు.

నేను ఆ రోజుల్లో పట్నం కార్యాలయంలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుని. కుర్రతనంలో సంస్కరణ సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఏ ఆచారం ఎదురైనా "ఎందుకు?" అని నిలదీయకుండా పక్కకి తప్పుకోవడం నాకు చేతకాదు. రెండు ఆఫీసులు ఎందుకని ఉపాధ్యాయుల పత్రికలో వరసగా వ్యాసాలు రాశాను. రెండు అద్దె ఇళ్లు, రెండు జీపులు, ఇద్దరేసి గుమాస్తాలు, చేసేది ఒకే పని: ఒక్క పెళ్లికి రెండు పందిళ్లు వేసినట్టుందని ఎగతాళి చేశాను.

ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం పనులు సాగుతుండగా గాజువాక వైపు ఊరు పొంగిపోయింది. నగరం ఎల్లలు జరిపారు. ఆ వైపు సమితి బళ్లన్నీ నగరం కిందికి వచ్చాయి. ఖర్చు ఆదా అవుతుందని రెండు విద్యా కార్యాలయాలనూ కలిపారు. నా వ్యాసాలు చదివే కలిపారని నేను అనుకున్నాను. అలా అనుకోవడానికి ఖర్చేమీ లేదు కనక అనుకున్నాను.

సమితి ఆఫీసు బల్లలు, బీరువాలు లారీలో దిగిన రోజున మంచి ఘడియ చూసి గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టారు. నేను దూరంగా నిలబడ్డాను. సమితి సూపరింటెండెంటు కొబ్బరిముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఈ జిల్లాలోనే పుట్టి, ఈ జిల్లా బళ్లు తిరుగుతూనే తల నెరిసిన మనిషి.

"తీసుకోండి గురువుగారూ. దేవుడు లేడని మీరంతన్నారు. కొబ్బరైతే ఉంది కదేటి?"

తిన్నాను. కొబ్బరి బాగానే ఉంది.

ఆ మనిషి నవ్వు ఆ రోజుతో ఆగిపోయింది. కొత్త ఏర్పాటులో ఆయనా, మా పట్నం సూపరింటెండెంటూ ఒకే గదిలో ఎదురుబొదురు కూచునేవారు. మా పట్నం ఆయనది గోదావరి జిల్లా. ఓడరేవులో ఉద్యోగానికి వచ్చిన అన్నగారి వెంట ఈ ఊరు చేరాడు. మంచివాడు, పనిమంతుడు, కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునే రకం. ఆ గదికి ఒక్కటే ఫ్యాను. అది ఎప్పుడూ పట్నం ఆయన వైపే తిరిగి ఉండేది. సమితి నుంచి వచ్చినవాళ్లను మావాళ్లు "పల్లెబళ్లోళ్లు" అనేవారు. వాళ్లు ఏదైనా చెప్పబోతే, "అది మీ సమితిలో చెల్లిందండీ, ఇక్కడ పద్ధతి వేరు" అనేవారు. సమితి సూపరింటెండెంటు మొదట్లో కొన్నిసార్లు చెప్పబోయాడు. ఆ తరవాత మానేశాడు. వచ్చేవాడు, సంతకం పెట్టేవాడు, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబిచ్చేవాడు, వెళ్లేవాడు. ఆదా లెక్కలు వేసినవాళ్లెవరూ ఈ మౌనానికి ఖరీదు కట్టలేదు.

ఏడో తరగతి పిల్లలకి ఆ రోజుల్లో పబ్లిక్ పరీక్ష ఉండేది. అది దాటితేనే హైస్కూలు. ఏ బడి పిల్లలు ఏ కేంద్రంలో రాయాలో తేల్చడానికి పట్నం ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. గోడకి నగరం పటం. పటం మీద బడి ఉన్నచోటల్లా గుండుసూది. చేతిలో ఒక దారం. పిల్లలు నడవగలిగే దూరం ఎంతో చూసుకుని ఆ దారానికి ఒక ముడి వేసి ఉండేది. బడినుంచి దారం లాగితే ముడిలోపు ఏ కేంద్రం వస్తే అదే ఆ బడికి కేంద్రం. పట్నంలో ఈ పద్ధతి ఎన్నడూ బెడిసికొట్టలేదు. పట్నంలో ఎటు చూసినా సందే, సందు లేనిచోట ఎవరిదో పెరడు. దారం ఎటు పోతే పిల్లలూ అటు పోగలిగేవారు. సమితిలో మాత్రం జీతాల రోజున హెడ్మాస్టర్లందరూ వచ్చినప్పుడు, "మీ గుంటలు ఏ దారినొత్తారు?" అని ఒక్కొక్కరినీ అడిగి తేల్చేవారట; గుంటలంటే ఆ వైపు పిల్లలే. అందులో వాదులాట, అరుపులు, అలకలు. దారం అరవదు, అలగదు. అందుకని కలిపాక దారమే మిగిలింది.

ఆ ఏడు కేంద్రాలు తగ్గించమని పైనుంచి చెప్పారు. కలిపినందుకు ఆదా కంటికి కనిపించాలి కదా. పెద్ద పటం ఒకటి కొత్తగా తెచ్చి గోడకి కొట్టారు. పట్నం సూపరింటెండెంటు బల్ల ఎక్కి దారం పట్టాడు. మేమందరం చుట్టూ నిలబడ్డాం. ఒక గుండుసూది దగ్గర ఆయన ముఖం వెలిగింది. అది డాల్ఫిన్ నోస్ కొండకి అవతల, చేపలు పట్టేవాళ్ల ఊరు. ఆ ఊరి బడికి ఏడో తరగతి కొత్తగా వచ్చింది. సమితి ఉండి ఉంటే ఆ పిల్లలు అదే ఒడ్డున, మల్కాపురం వైపున్న కేంద్రంలో రాసేవారు.

"ఆ సెంటరు ఎత్తేయొచ్చండీ. ఈ ఊరోళ్లని పాత పట్నం సెంటరుకి వేసేద్దాం. చూడండి, ముడి దాకా కూడా రావట్లేదు. కూతవేటు దూరం, ఆయ్!" అన్నాడాయన.

దారం కొండ మీదుగా, హార్బరు కాలువ మీదుగా తిన్నగా పాత పట్నం చేరింది. ఆ గదిలో హార్బరు కాలువ ఎరగనివాడు లేడు. సముద్రంలోంచి ఓడలు రేవులోకి వచ్చే దారి అది. సెలవురోజున ఇంట్లో పిల్లలకి ఓడలు చూపించాలంటే అక్కడికే తీసుకెళ్లేవాళ్లం. కానీ పటం మీద అది పెన్సిలు గీతంత ఉంది. మాకందరికీ ఇంకో రోడ్డులాగే కనిపించింది. సమితి సూపరింటెండెంటు పటం వంక చూశాడు, దారం వంక చూశాడు, తరవాత కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

హాల్ టికెట్లు వెళ్లిన కొన్నాళ్లకి ఆ ఊరి ప్రధానోపాధ్యాయురాలు ఆఫీసుకి వచ్చింది. పాత పట్నంలోని క్రైస్తవ కుటుంబం వాళ్లది, తండ్రి రేవులో క్రేను నడిపేవాడట. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆ ఊరికి వేస్తే, అందరిలా బదిలీ కోసం తిరగకుండా అక్కడే ఉండిపోయింది. అయిదో తరగతితో ఆగిపోయే బడిని పట్టుపట్టి ఏడుదాకా తెచ్చింది. ఆ ఊళ్లోంచి పబ్లిక్ పరీక్షకి కూచుంటున్న మొట్టమొదటి జట్టు ఇదే. వీళ్లు పరీక్షకి అందకపోతే ఏమవుతుందో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. "ఫలితాలు లేవు" అన్న ఒక్క మాటతో ఆరు, ఏడు తరగతులు ఎత్తేస్తారు. ఎత్తేయడానికి ఏం దొరుకుతాయా అని పైన చూస్తూనే ఉన్నారు. మగపిల్లలు తెప్ప ఎక్కుతారు, ఆడపిల్లలు చేపల తట్ట ఎత్తుతారు.

"పడవ ఉంది సార్, లేదన్ను," అంది ఆమె. "కానీ ఓడొస్తే పడవ ఆపేస్తారు. ఎంతసేపు ఆపుతారో ఎవరూ చెప్పలేరు. కొండ చుట్టూ రోడ్డు మీద రమ్మంటే బస్సు ఎప్పుడొస్తుందో దానికే తెలీదు."

"రోజూ ఆ పడవ మీదే కదమ్మా జనం పనుల్లోకొస్తంది," అన్నాడు పట్నం సూపరింటెండెంటు. "ఓ గంట ముందు బయల్దేరదీయండి. మీరే చూడండి పటంలో, ఎంత దగ్గరో."

ఆమె పటం వంక చూడలేదు. నా వంక తిరిగింది.

"మా ఉపాధ్యాయ సంఘం మీటింగులో మీరు మాట్లాడితే విన్నాను సార్. కంటితో చూడందే దేవుణ్ణయినా నమ్మనన్నారు. కాలవని కంటితో చూశారు కదా. దీన్నయినా నమ్మండి."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాదనలో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. ఓడించాక నమస్కారం పెట్టి వెళ్లినవాళ్లు ఇంకా తక్కువ.

కేంద్రం మార్చమని ఆ రోజే పైకి రాశాను. ప్రశ్నపత్రాల కట్టలు కేంద్రాలవారీగా సీలు పడి పోలీసు స్టేషన్లకు చేరిపోయాయి కాబట్టి "ఈ దశలో వీలుపడదు" అని జవాబు వచ్చింది. ఏ దశలో వీలుపడుతుందో నా ఉద్యోగకాలమంతా వెతికినా నాకు దొరకలేదు.

సమితి సూపరింటెండెంటుని టీ దుకాణం దగ్గర పట్టుకున్నాను.

"మీకు తెలుసు. దారం పట్టిన రోజున నోరెందుకు విప్పలేదు?"

"నన్నెవులడిగినారండి?" అన్నాడాయన, గ్లాసులోంచి తల ఎత్తకుండా. "నానేటి సెప్పినా 'అది మీ సమితిలో' అంతన్నారు. సరే. సమితి సచ్చిపోనాది. సచ్చిపోనోడు మాటాడతాడేటి?"

"మీ కోపం మా మీద. పిల్లలేం చేశారండీ?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "గుంటలేటి సేసినారు..." అని తనలో తనే అనుకున్నట్టు అని, చిల్లర బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మొదటి పరీక్ష రోజు పొద్దున్న పాత పట్నం వైపు పడవల రేవుకి వెళ్లాను. పరీక్ష కేంద్రం అక్కడికి దగ్గరే. రేవులో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. పడవ ఒడ్డుకి కట్టేసి ఉంది. పడవ సరంగు మెట్ల మీద కూచుని బీడీ కాలుస్తున్నాడు.

"పడవ తియ్యవా?"

"ఓడొత్తంది బాబూ. ఇనపరాయి కోసం. అదెల్లీదాకా మనం కదల్లేం."

అవతలి ఒడ్డున పిల్లలు కనిపిస్తున్నారు. తెల్ల చొక్కాలు, ఎర్ర రిబ్బన్లు, చేతుల్లో అట్టలు. అరిస్తే వినిపించేంత దూరం. మా పట్నం సూపరింటెండెంటు అన్నది అక్షరాలా నిజం, కూతవేటే. పిల్లల పక్కన గొడుగు పట్టుకుని ప్రధానోపాధ్యాయురాలు. ఆమెకి కాస్త ఎడంగా ఇంకో మనిషి. చెయ్యెత్తి ఊపాడు. సమితి సూపరింటెండెంటు!

"గురువుగారో! గుంటలందరూ నా కాడే ఉన్నారు! ఒక్కడూ తప్పలేదో!"

నేను జవాబు చెప్పేలోపు ఓడ వచ్చింది. వీధికి వీధే కదిలి వచ్చి మా మధ్య నిలబడ్డట్టు, ఎత్తయిన ఇనుప గోడ. పిల్లలు కనపడకుండా పోయారు. ఓడ ఎంత నెమ్మదిగా వెళ్లాలో అంత నెమ్మదిగానూ వెళ్తోంది. దాని వెనక తాళ్లు పట్టుకున్న టగ్గు పడవలు. వాటి తరవాత ఇంకో ఓడ బయటికి పోవాలట. దూరంగా కేంద్రంలో మొదటి గంట కొట్టారు.

పరీక్ష మొదలైన అరగంట తరవాత ఎవరినీ లోపలికి రానివ్వకూడదని నియమం. నేను ఆ మెట్ల మీద నిలబడి, ఆచారాలను అడిగిన ప్రశ్నే ఆ నియమాన్నీ అడిగాను. ఎందుకు? లోపల ప్రశ్నపత్రం చూసినవాడు బయటికి వచ్చి, బయట ఉన్నవాడికి చెప్పకుండా ఉండటానికి. అంతే, దానికి ఇంకో ప్రయోజనం లేదు. లోపలివాళ్లను ఎవరినీ బయటికి వదలకుండా, బయటి పిల్లలను ఎవరికీ చిక్కనివ్వకుండా చూస్తే నియమం చెయ్యవలసిన పని జరిగిపోయినట్టే. అవతల పిల్లలు ఒక బాధ్యతగల ఉద్యోగి కళ్ల ముందున్నారు. ఇవతల కేంద్రానికి ఉన్నది ఒక్కటే గేటు.

కేంద్రానికి వెళ్లి అక్కడి హెడ్మాస్టరుతో, "గేటుకి తాళం వేయించండి. ఆ పిల్లలు వచ్చి కూచునేదాకా ఒక్క ప్రాణి బయటికి పోకూడదు. వాళ్లు ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంతసేపు అదనంగా ఇవ్వండి," అన్నాను.

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. "రూలు ఒప్పుకోదండీ. రాసిస్తారా?"

"ఇస్తాను." గోడకి ఆనించి అక్కడే రాసి సంతకం పెట్టాను.

అప్పుడే కేంద్రాలు చూసుకుంటూ మా పట్నం సూపరింటెండెంటు వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. "ఉద్యోగం పోద్దండి బాబూ! ఆళ్లని వచ్చే ఏడు రాయమందాం."

"మీ దారం కాలువ దాటిందండీ. పిల్లలు దాటలేదు," అన్నాను.

అంత కటువుగా అనకుండా ఉండవలసింది. ఆయన ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఒక కుర్చీ మోసుకొచ్చి గేటుకి అడ్డంగా వేసుకుని కూచున్నాడు. "నన్ను దాటి ఎవడెళ్తాడో చూస్తానండీ," అన్నాడు.

తాళం చూసి బయట తల్లిదండ్రులు గోల మొదలుపెట్టారు. "ఏటి బాబూ, మా గుంటల్ని బందెలదొడ్లో ఎట్టీసినారేటి?" అని ఒకావిడ ఊచలు పట్టుకుని ఊపేసింది. ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

పరీక్ష మొదలై చాలాసేపయ్యాక పిల్లలు వచ్చారు. నడిచే వచ్చారు. పరుగెత్తితే చెయ్యి వణుకుతుందని ప్రధానోపాధ్యాయురాలు పరుగెత్తనివ్వలేదట. ముందు ఆమె, వెనక సమితి సూపరింటెండెంటు, పిల్లల పక్కకి వచ్చినవాణ్ణల్లా ఆమె దగ్గర తీసుకున్న గొడుగుతో అదిలిస్తూ. ఇద్దరు సూపరింటెండెంట్లూ గేటు దగ్గర ఒకరినొకరు చూసుకున్నారు. పట్నం ఆయన లేచి, తాళం తీసి, "రండి బావగారూ," అన్నాడు. ఇన్నాళ్లలో ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

"మీరు అవతలికి ఎప్పుడు వెళ్లారు?" అని అడిగాను పిల్లలు లోపలికి పోయాక.

"నిన్న సందేళే ఎలిపోనాను. బడి అరుగు మీద తొంగున్నాను. నోరే కదండి మూసుకున్నాను. కాళ్లున్నాయి కదేటి," అన్నాడు సమితి సూపరింటెండెంటు.

మిగతా పరీక్షలు అయ్యేదాకా పిల్లలు ఇవతలే ఉండటానికి ఆమె తమ చర్చి హాలు అడిగి తెచ్చింది. "చూశారా సార్, చివరికి ప్రభువు ఇల్లే దిక్కయింది," అంది. "హాలు ఖాళీగా ఉందమ్మా. అంతవరకు ప్రభువుతో నాకు పేచీ లేదు," అన్నాను. ఆ రోజులన్నీ ఆ ఊరి తల్లులు బేరం మానుకుని, చేపలకూర, అన్నం గిన్నెల్లో మూటగట్టి పడవ మీద మోసుకొచ్చారు.

ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న చిన్నవాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. ఆ ఏటి ఆదా నివేదికలో, ఎత్తేసిన ఆ కేంద్రం ఖర్చు మిగిలినట్టు గర్వంగా చూపించారు. అది మిగల్లేదు. ఆఫీసు బీరువాలోంచి బయటికొచ్చి, చేపలమ్మే ఆడవాళ్ల కొంగుముడి మీద పడింది. వాళ్లు నివేదికలు రాయరు కాబట్టి అది ఎక్కడా కనపడలేదు. బరువుని ఒక భుజం మీదినుంచి ఇంకో భుజం మీదికి మార్చి, దానికి పొదుపని పేరు పెట్టడాన్ని మించిన మూఢనమ్మకం నేను ఏ గుళ్లోనూ చూడలేదు. రేపు మీ చేతికీ ఏవో రెండు కలపమని ఉత్తర్వు వస్తుంది. కలపండి. దండగ పందిళ్లు పీకెయ్యండి. కానీ కలిపిన మర్నాటినుంచి ఎవరు మాట్లాడటం మానేశారో కనిపెట్టి, వాళ్లని పనిగట్టుకుని అడగండి. ఖర్చు మొదట అక్కడే మొదలవుతుంది.

ఆ పిల్లల ఫలితాలు ఆపేశారు. నా మీద విచారణ పెట్టారు. నియమం ఉల్లంఘించారా అని విచారణాధికారి అడిగాడు. "దాని అక్షరాన్ని ఉల్లంఘించాను, దాని పని మాత్రం చేశాను," అన్నాను. ఈ జవాబు సభల్లో చప్పట్లు తెస్తుంది, ఆఫీసుల్లో మెమోలు తెస్తుంది. సాక్ష్యానికి పిలిచిన సమితి సూపరింటెండెంటు మాత్రం చేతులు కట్టుకుని, "తవరు ఓపాలి ఆ కాలవ దాటండి బాబూ. ఓడొచ్చినపుడే దాటండి," అన్నాడు. ఆ అధికారి నిజంగానే వెళ్లాడని, రేవు మెట్ల మీద చాలాసేపు కూచున్నాడని తరవాత తెలిసింది. నా ఇంక్రిమెంటు ఒకటి ఆగింది. ఫలితాలు వదిలారు. మరుసటి ఏడు, దారం లాగిన తరవాత హెడ్మాస్టర్లను పిలిచి అడగాలని ఇద్దరు సూపరింటెండెంట్లూ కలిసి పట్టుబట్టారు. ఆ ఊరికి కేంద్రం మళ్లీ వాళ్ల ఒడ్డుకే వెళ్లింది.

ఫలితాలు వదిలిన రోజున ప్రధానోపాధ్యాయురాలు పిల్లల్నీ, కొందరు తండ్రుల్నీ వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. ఒక్కడు తప్ప అందరూ గట్టెక్కారు. ఆరు, ఏడు తరగతులను ఇక ఎవరూ కదపలేరు. కానీ నాకు ఆ ఒక్కడి దగ్గరే మనసు ఆగిపోయింది. వాడు లెక్కల్లో తప్పాడు. వాడి తండ్రి, ఎండకి నల్లబడ్డ పొడుగాటి మనిషి, తువ్వాలు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆ మొదటి రోజు అంత అలజడి లేకపోతే వీడూ గట్టెక్కేవాడేమో," అన్నాను.

"అలా అనకండి సార్," అంది ఆమె చప్పున. "లెక్కల పరీక్ష రోజు వీళ్లు అందరికంటే ముందే వచ్చి కూచున్నారు. వాడు పరీక్ష రాసి తప్పాడు. మా ఊళ్లో ఇంతవరకూ పరీక్ష రాసి తప్పినవాడు ఒక్కడూ లేడు."

తండ్రి ఆ మాటని కాసేపు లోపల తిప్పుకున్నట్టున్నాడు. ఆ తరవాత తువ్వాలు భుజాన వేసుకుని నవ్వాడు. సాయంత్రం నేను రేవు వైపు వెళ్తే ఆయన పడవ ఎక్కుతూ, ఎదురైన ప్రతివాడినీ ఆపి చెబుతున్నాడు:

"మావోడు పరీచ్చ తప్పీనాడు బావా! మళ్లా రాత్తాడు!"